కోపం వస్తే ఆగిపోయే కంప్యూటర్

స్క్రూలక్క కొట్లో కుర్చీలు రెండే. ఒకటి ఆమెది, రెండోది రిపేరుకి వచ్చిన కంప్యూటర్‌ది. మనుషులు నిలబడే మాట్లాడాలి. కూర్చోబెడితే యంత్రం జబ్బు వదిలేసి లోకంలో సంగతులన్నీ ఎత్తుకుంటారని ఆమె అనుభవం.

అసలు పేరు ఇంట్లోవాళ్లకు, బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఏ పెట్టె విప్పినా ముందు బల్లమీద తెల్లగుడ్డ పరుస్తుంది. ఊడదీసిన ప్రతి స్క్రూనూ పెట్టెలో అది ఎక్కడుందో గుడ్డమీద సరిగ్గా అక్కడే పెడుతుంది. పై మూలది పైన, కింది మూలది కింద. బిగించడం అయ్యాక గుడ్డమీద ఒక్క స్క్రూ మిగిలినా మళ్లీ అంతా విప్పాల్సిందే. అలా ఆ పేరు వచ్చింది.

వాళ్ల నాన్న ఫ్యాన్ మోటార్లకు తీగ చుట్టేవాడు. చిన్నప్పుడు ఆమె ఆటవస్తువులు కాలిపోయిన మోటార్లే. కంప్యూటర్ల పని మాత్రం ఎవరూ నేర్పలేదు. ఏదో ఆఫీసువాళ్లు పారేసిన పెట్టెను తెచ్చి, విప్పి, బిగించి, మళ్లీ విప్పి, అది ప్రాణం పోసుకుని లేచేదాకా వదల్లేదు. అలా అబ్బిన పని. యంత్రం బాగైతే ఆమెకు చాలదు, ఎందుకు పాడైందో తెలియాలి. దానంతటదే బాగైపోయిన కంప్యూటర్‌ని చూస్తే ఒళ్లు మంట.

"నీకు జ్వరం తగ్గినా సుఖం లేదే. ఎందుకొచ్చావో చెప్పి పొమ్మని దాన్ని గుమ్మంలో నిలబెడతావు," అంటాడు బస్సు నడిపే ఆమె భర్త.

ఆమె పనికి ఉన్న కట్టుబాటు ఒక్కటే. ఒకసారి ఒకటే మార్చాలి. మార్చాక చూడాలి. తర్వాతే రెండోదానిమీద చెయ్యి వెయ్యాలి. రెండు కలిపి మారిస్తే ఏది మందో ఏది విషమో తెలియదు. ఆ కట్టుబాటును పక్కన పెట్టక తప్పలేదు, విలన్ తాతయ్య కంప్యూటర్ దగ్గర.

ఆయన నిజంగా ఎవరికీ చీమంత అపకారం చేసిన మనిషి కాదు. వయసంతా నాటకాల్లో విలన్ వేషాలు వేసి, రాక్షసులుగా అరిచి, పిల్లల్ని జడిపించి, ఆ పేరు మిగుల్చుకున్నాడు. ఇప్పుడు ఆ గొంతులోనే పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి రోజు కూడా పెట్టారు. ఇంట్లో మనవరాలు ఉంది, ఇంకా మాటలు రాని పిల్ల. అది కథలు అడిగే వయసుకు వచ్చేసరికి చెప్పడానికి తాతకు గొంతుండదు. అందుకని కథలన్నీ ముందే చదివి కంప్యూటర్లో దాచాలని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ పాత కంప్యూటర్ చేతులెత్తేసింది. స్క్రూలక్క విప్పి చూస్తే మదర్‌బోర్డు మీది చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ రకం బోర్డు ఇప్పుడు దొరకదు. కొత్త బోర్డు వేస్తే పాత ప్రాసెసర్ దానిలో కూర్చోదు. ర్యామ్ పట్టదు. పాత పవర్ సప్లై తీగలు అందవు. అంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై, అన్నీ ఒకేసారి మారాలి. పాతవాటిలో మిగిలినవి ఫైళ్లున్న డిస్కు, ఇనప క్యాబినెట్.

"ఒకేరోజు నలుగురు కోడళ్లు గృహప్రవేశం చేసినట్టుంది. రేపు పాలు మాడితే ఎవర్నని అడుగుతాను?" అని భర్త దగ్గర గొణుక్కుంది.

"ఎవర్నీ అడక్కు. పాలు నువ్వే కాచుకో," అన్నాడు ఆయన.

శ్రద్ధగానే బిగించింది. కొత్త బోర్డు పాతదానికంటే చిన్నది. ఒక మూల కింద ఆధారం లేక, లావుపాటి పవర్ తీగ గుచ్చేటప్పుడు కొంచెం వంగింది. అలాంటప్పుడు ఆమె వాడే సొంత ఉపాయం ఒకటుంది. అక్కడా అంతే చేసింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కంప్యూటర్‌ని ఆపకుండా నడిపి చూసింది. ఎక్కడా తేడా లేదు. తీసుకెళ్లి తాతయ్య గదిలో బల్లకింద పెట్టి వచ్చింది.

మర్నాడే తాతయ్య కోడలు ఫోన్ చేసింది. "అక్కా, ఆగిపోయింది. మామయ్యగారు కథ చదువుతుంటే సగంలో టప్పున ఆరిపోయి, మళ్లీ దానంతటదే వెలిగింది. చదివిందంతా పోయింది."

"ఏ కథ?" అని స్క్రూలక్క ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"నిద్ర పోగొట్టుకున్న రాక్షసుడి కథ."

చదివింది పోవడం చిన్న విషయం కాదు. రోజుకు ఒక కథకంటే ఎక్కువ చదవొద్దని, మిగతా వేళల్లో మౌనంగా ఉండమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మిగిలిన కథలకంటే ఆపరేషన్‌కి మిగిలిన రోజులు కొద్దిగానే ఎక్కువ. కంప్యూటర్ ఆగినప్పుడల్లా ఒక కథకు సరిపడా గొంతు గాలిలో కలిసినట్టే.

ఆమె సంచీ భుజాన వేసుకుని వెళ్లింది. ఆరిపోయే ముందు నీలం తెర రాలేదు, తప్పు జరిగిందన్న మాట కూడా తెరమీద లేదు. ప్రోగ్రాముల గొడవైతే కంప్యూటర్ ఏదో ఒకటి సణిగే పడిపోతుంది. ఇది నోరు మెదపకుండా పడిపోయింది. అంటే కరెంటు అందడంలోనే లోపం. తన దగ్గరున్న నమ్మకమైన పవర్ సప్లై తెచ్చి పెట్టింది, అదొక్కటే. మర్నాడు మామూలు కథ ఒకటి హాయిగా ఎక్కింది. ఆ మర్నాడు రాక్షసుడి కథ మళ్లీ ఎత్తుకున్నాడు. టప్.

గోడలోని ప్లగ్గును అనుమానించి వంటింట్లోంచి తీగ లాగింది. వేడేమోనని చూస్తే లోపల చల్లగానే ఉంది. ర్యామ్ ముక్కలు రెంటినీ విడివిడిగా పరీక్ష పెడితే రెండూ మొదటి తరగతిలో పాసయ్యాయి. వేరే కథలకు ఏమీ కాలేదు. రాక్షసుడు నోరు తెరిస్తే మాత్రం టప్.

"ఆ కథ వదిలేద్దాం మామయ్యగారూ. దానికేదో చీడ పట్టింది," అంది కోడలు.

తాతయ్య తల అడ్డంగా ఊపాడు. మౌనం కదా, పలక తీసుకుని రాశాడు. "అది లేకపోతే నేను లేను."

స్క్రూలక్కకి మాత్రం ఆ చీడ అన్న మాట దగ్గర చెవులు నిక్కాయి. తాను మొదటిరోజే ఏ కథ అని అడిగింది ఇందుకేనేమో! కంప్యూటర్‌కి కథలు తెలియవు. దానికి రాక్షసుడైనా ఒకటే, కుందేలైనా ఒకటే. మరి ఈ కథలో ఉండి ఆ కథల్లో లేనిదేమిటి?

"బాబాయిగారూ, సరిగ్గా ఏ మాట దగ్గర ఆగుతోంది?"

ఆయన పలకమీద రాశాడు. "నా నిద్ర ఎవడ్రా దొంగిలించింది?"

గట్టి అరుపు! మైకులోంచి పెద్ద శబ్దం ఒక్కసారిగా వస్తే సౌండు భాగం తట్టుకోలేకపోతోందా? ఆ ఆలోచన ఆమెకు నమ్మబుద్ధి కాలేదు, కానీ చూడకుండా కొట్టిపారేయడం అలవాటు లేదు. ఆయన గొంతు ఖర్చు పెట్టించకూడదు. కంప్యూటర్‌నీ మైకునీ కొట్టుకు తెచ్చుకుని, బల్లమీద పెట్టి, ఊపిరి బిగబట్టి తానే అరిచింది.

"నా నిద్ర ఎవడ్రా దొంగిలించింది?"

పక్క కొట్లో తాళాలు బాగుచేసే ఆయన తల లోపలికి పెట్టాడు. "నేను కాదు వదినా."

"నువ్వు పో తమ్ముడూ, పరీక్ష చేస్తున్నాను."

"ఎవర్ని, అన్నయ్యనా?"

మళ్లీ అరిచింది. మైకుని నోటికి ఆనించి అరిచింది. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. కంప్యూటర్ మాత్రం కిమ్మనకుండా ఆమె అరుపులన్నీ భద్రంగా దాచిపెట్టుకుంది. తాళాలాయన గొంతు ఇంకా పెద్దదని అతనిచేత కూడా అరిపించింది. అతను ఆనందంగా అరిచాడు. అయినా ఏమీ కాలేదు.

"దీనికి మన కోపం ఆనట్లేదు వదినా. కళాకారుడు కావాలంటోంది," అని వెళ్లిపోయాడు తాళాలాయన.

ఆ మాటే ఆమెను పట్టుకుంది. ఇక్కడ ఆగదు. అక్కడ ఆగుతుంది. అక్కడా ఆయన కోపంతో ఉన్నప్పుడే. పెట్టె అదే, మైకు అదే, మాట కూడా అదే. ఇక మిగిలింది మనిషి, గది. ఇన్నాళ్లూ పెట్టెలోపల చూసింది గాని పెట్టె ముందు కూర్చున్న మనిషిని చూడలేదు. చదివేటప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదని, ఊపిరి చప్పుడు కూడా ఎక్కుతుందని ఆయన తలుపు వేసుకుంటాడు.

"రేపు నన్ను గదిలో ఉండనివ్వండి బాబాయిగారూ. గోడలా ఉంటాను."

ఆయన పలకమీద రాశాడు. "గోడ దగ్గకూడదు."

మర్నాడు పొద్దున్నే వెళ్లింది. గది చిన్నది. గోడలకు దుప్పట్లు వేలాడుతున్నాయి. ఇరుకు బల్ల, కుర్చీ, బల్లకింద ఎడమవైపు క్యాబినెట్. ఆమె చెప్పులు బయటే విడిచి మూలన నేలమీద చతికిలబడింది. టార్చి వెలుగు బల్లకిందికి పట్టుకుంది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

అంతవరకూ ఆ గొంతును ఆమె అలా వినలేదు. బొంగురుగా ఉంది, అక్కడక్కడా చిరిగిపోతోంది. అయినా అందులోంచి ఒక ముసలమ్మ నడిచి వచ్చింది, ఒక గాడిద వచ్చింది, వానలో తడిసిన అడవి వచ్చింది. యంత్రం చూడ్డానికి వచ్చిన మనిషి కాసేపు యంత్రం మరిచిపోయింది. రాక్షసుడు పడుకున్నాడు. దొర్లాడు. నిద్ర రాలేదు. దిండు కింద వెతికాడు, మంచం కింద వెతికాడు. కోపం మొదలైంది. ఆమె ఉలిక్కిపడి కళ్లు మళ్లీ బల్లకిందికి దింపింది.

ఆయన భుజాలు కదల్లేదు. చేతులు పుస్తకం మీదే ఉన్నాయి. ఎడమ పాదం మాత్రం మెల్లగా నేలమీంచి లేచింది. మడమ గాల్లో ఆగింది.

"నా నిద్ర ఎవడ్రా..."

పాదం విసురుగా పక్కకు దిగి క్యాబినెట్ రేకుకు తగిలింది. టప్. తెర నల్లబడింది.

ఆయన పుస్తకం మూసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇవాళ్టి గొంతూ పోయింది. ఆపగలిగి ఉంటే బాగుండేది, కానీ ముందు తెలిస్తే కదా!

"బాబాయిగారూ, మీ కాలు."

"నా కాలేం చేసింది?" మౌనం మరిచి పైకే అనేశాడు.

"తన్నింది."

ఆయన తన పాదాన్ని, అది ఎవరిదో అన్నట్టు వంగి చూసుకున్నాడు. కోడలు తలుపు తీసుకుని వచ్చి సంగతి విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మామయ్యగారు స్టేజీమీద కోపమొస్తే ఎడమకాలు నేలకేసి కొట్టేవారు అక్కా. చెక్క స్టేజీ దద్దరిల్లిపోయేది. జనం దానికే చప్పట్లు కొట్టేవాళ్లు."

కాలు కదపకుండా ఆ ఒక్క మాట అనమంది స్క్రూలక్క. ఆయన రెండు పాదాలూ కుర్చీకాళ్లకు మెలేసి మెల్లగా అన్నాడు. రాక్షసుడు పోయి, బస్సులో చిల్లర అడిగే పెద్దమనిషి వచ్చాడు. ముగ్గురూ నవ్వారు. ఆయన నవ్వు దగ్గులోకి దిగింది.

"పెట్టె అవతలికి జరిపితే సరిపోదా అక్కా?" అంది కోడలు.

"సరిపోతుంది. కాలికి అందదు. కానీ కాలు తగిలితే ఆగే పెట్టె రేపు తలుపు గట్టిగా వేసినా ఆగుతుంది. పాత బోర్డున్నప్పుడు ఇన్నేళ్లలో ఈ పెట్టెకి ఎన్ని దెబ్బలు తగిలుంటాయి, అదెందుకు ఆగలేదు?"

అడిగింది కోడల్ని కాదు. అప్పటికే బల్లకిందికి దూరి, వేలి కణుపుతో రేకుమీద అంగుళం అంగుళం కొడుతూ వస్తోంది. పైన కొడితే ఏమీ లేదు. ముందు భాగంలోనూ లేదు. పాదం తగిలేచోట, కింది మూలకు దగ్గర్లో కొట్టింది. టప్. మళ్లీ వెలగనిచ్చి మళ్లీ కొట్టింది. టప్. ఆమె మొహంలో వెలుగు చూసి కోడలు ఆశ్చర్యపోయింది. పాడైనందుకు అంత సంబరపడే మనిషిని ఆ పిల్ల చూసి ఉండదు.

తెల్లగుడ్డ నేలమీదే పరిచింది. తీగలన్నీ ఒక్కొక్కటే కదిపి చూసింది, గట్టిగానే ఉన్నాయి. అప్పుడు బోర్డు స్క్రూలు ఊడదీసి, బోర్డు మొత్తాన్ని పైకెత్తి వెనక్కి తిప్పింది.

మదర్‌బోర్డు క్యాబినెట్ రేకుకు తగలకుండా చిన్న చిన్న ఇత్తడి గుంజలు, స్టడ్లంటారు, వాటిమీద నిలబడుతుంది. బోర్డుకి ఎక్కడ రంధ్రం ఉంటే అక్కడే స్టడ్ ఉండాలి. రంధ్రం లేనిచోట స్టడ్ ఉంటే అది బోర్డు వెనక బయటపడి ఉన్న టంకం చుక్కల్ని తాకుతుంది. ఇది ఈ పని నేర్చుకునేవాళ్లు మొదట్లోనే తెలుసుకునే సంగతి. ఆమెకూ తెలుసు. తెలిసే, వంగే మూలకింద ఆసరాకి ఒక స్టడ్ అదనంగా పెడుతుంది. దాని నెత్తిన సైకిల్ ట్యూబు కత్తిరించిన రబ్బరు బిళ్ల అంటిస్తుంది. అదే ఆమె సొంత ఉపాయం. ఎన్నో పెట్టెల్లో చేసింది. పాత బోర్డుకి అన్ని మూలలా రంధ్రాలున్నాయి గనక దీని అవసరం రాలేదు.

ఇప్పుడా స్టడ్ నెత్తి బోసిగా మెరుస్తోంది. రబ్బరు బిళ్ల జారి క్యాబినెట్ అడుగున పడి ఉంది. బోర్డు వెనక టంకం చుక్కమీద సన్నటి గీత, ఇత్తడి రాసుకున్న గుర్తు. మామూలుగా రెంటికీ మధ్య వెంట్రుకంత సందుంది. కాలు తగిలి రేకు లోపలికి కొంచెం నొక్కుకుంటే ఆ సందు మూసుకుంటుంది. కరెంటు దారితప్పుతుంది. పవర్ సప్లై బుద్ధిగా ఆపేస్తుంది. కొట్లో బల్లమీద ఎంత అరిచినా ఎవరూ తన్నలేదు మరి.

ఆమె కిందపడ్డ రబ్బరు బిళ్లను తీసి తెల్లగుడ్డమీద పెట్టింది. తాతయ్య పలక ముందుకు జరిపాడు. "దొరికాడా దొంగ?"

"దొరికింది బాబాయిగారూ. నేనే. ఆ నలుగురు కొత్తవాళ్లనీ ఇన్నాళ్లు అనుమానించాను. నా చేత్తో పెట్టింది నేను చూడలేదు. మీ కథలు పోయింది నావల్ల."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. పలక తుడిచి రాశాడు. "కాలు నాది. చెరిసగం."

స్టడ్ ఊడదీసింది. ఆ మూలకి ఇక ఆసరా అక్కర్లేకుండా, తీగ గుచ్చేటప్పుడు బోర్డు వెనక వేళ్లు ఆనించి, తొందరపడకుండా గుచ్చింది. అంతా బిగించాక పిడికిలితో రేకుమీద పొడిచింది. కాలితో తన్నింది. తృప్తి చాలక కోడల్ని కూడా తన్నమంది. ఆ పిల్ల మొహమాటపడుతూ ఒకటి, తర్వాత ఇష్టంగా ఇంకొకటి తన్నింది. కంప్యూటర్ వెలుగుతూనే ఉంది. క్యాబినెట్ మాత్రం అంగుళం కూడా జరపనివ్వలేదు తాతయ్య. కాలికి ఏదో ఒకటి తగలాలట.

ఆ వారమంతా స్క్రూలక్క కొట్టు మూసే ఉంది. తాను అలాంటి ఆసరా పెట్టిన పెట్టెలన్నీ గుర్తు తెచ్చుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. గుమ్మంలోకి వెళ్లగానే, "మీ కంప్యూటర్‌ని ఒకసారి తన్నొచ్చా?" అని అడిగేది. జనం భర్తకు ఫోన్ చేసి ఆరోగ్యం గురించి వాకబు చేశారు. రెండుచోట్ల రబ్బరు వదులైపోయి ఉంది. అన్నిచోట్లా తీసేసింది.

ఆసుపత్రిలో చేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం కోడలు కబురు చేసింది. ఏదో పాడైందనుకుని స్క్రూలక్క పరుగున వెళ్లింది. పాడవలేదు. రాక్షసుడి కథతో సహా అన్నీ అయిపోయాయి. పాదం దెబ్బ కూడా కథలో ఎక్కింది, పిడుగు పడ్డట్టు. ఆయన మైకు ముందు కూర్చుని ఉన్నాడు, పలక పక్కన పడేసి.

"రేపు తీసేసే గొంతుకి ఇవాళ పొదుపెందుకమ్మాయ్?" అన్నాడు బొంగురుగా. "కథలు అయిపోయాయి, గొంతు కాస్త మిగిలింది. మామూలు మాటలు చెబుతున్నాను. తిన్నావా అని, చలికి చెవులు కప్పుకో అని, పరిగెత్తకు పడతావని. ఇంకేం చెప్పాలో తోచట్లేదు. నువ్వేమన్నా చెప్పు."

స్క్రూలక్క ఆలోచించింది. "తిట్టండి."

"ఏంటీ?"

"అన్నీ ముద్దుమాటలే అయితే ఎలా? తాతన్నాక ఒకసారైనా కేకలెయ్యాలి కదా. పెద్దయ్యాక ఏదైనా వెధవపని చేస్తే వినిపించడానికి ఉండాలి."

కోడలు పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఆయనకు ఆ ఆలోచన నచ్చింది. నడుం నిటారు చేశాడు. కనుబొమలు ముడిచాడు. ఎడమ పాదం నేలమీంచి లేచింది. స్క్రూలక్క ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని తెరమీద శబ్దాన్ని చూపే గీత కదలడం కోసం చూసింది.

"ఏయ్ పిల్లా! నిన్నూ..."

అక్కడ ఆగిపోయాడు. పాప ఆయన్నే చూస్తూ, బోసినోరు తెరిచి, వేలు నోట్లో పెట్టుకుంది. ఆయన మళ్లీ కనుబొమలు ముడిచాడు. "నిన్నూ... నిన్నూ..." వయసంతా జనాన్ని గడగడలాడించిన మనిషికి రెండో మాట దొరకలేదు. పాదం గాల్లోంచి మెల్లగా, చప్పుడు లేకుండా నేలమీదికి దిగింది. లోపల్నించి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేని నవ్వు, గరగరలాడే నవ్వు. దానికి పాప కిలకిల తోడైంది.

తెరమీద ఇంతవరకూ సన్నగా పాకిన గీత ఒక్కసారి ఎత్తుగా లేచి, అంచుల్ని తాకుతూ ఊగింది. రాక్షసుడు అరిచినప్పుడు కూడా అంత ఎత్తు లేవలేదు. రికార్డింగ్ ఆపేద్దామా అన్నట్టు కోడలు సైగ చేసింది. స్క్రూలక్క వద్దని చెయ్యి ఊపింది.

గీత అలా నడుస్తూనే ఉంది.